కొవ్వక్క ప్లేటు

మా అక్కను ల్యాబులో అందరూ కొవ్వక్క అంటారు. మనిషి చూస్తే ఎండుపుల్ల. ఆమె చేసే పని కొవ్వుతో కాబట్టి ఆ పేరు. ఇరవై ఆరేళ్ళ కిందట ఏ కుర్ర కెమిస్టు పెట్టాడో పెట్టాడు, వాడు వెళ్ళిపోయాడు, పేరు మాత్రం మిగిలింది.

ఆ పని ఏమిటో చెబితే గాని మా ఇంట్లో జరిగింది అర్థం కాదు. మందు మింగినంత మాత్రాన పనిచేయదు. ఒంట్లో ప్రతి కణం చుట్టూ పల్చని కొవ్వు పొర ఉంటుంది, దాన్ని దాటాలి. కొత్త మందు దాటుతుందో లేదో ముందే చూడడానికి అక్క ఒక ఉత్తుత్తి పొర తయారుచేస్తుంది. అరచేతి కంటే కాస్త పెద్ద ప్లేటు, తొంభై ఆరు గుంటలు, ప్రతి గుంటకూ అడుగున జల్లెడలాంటి పల్చని కాగితం. దాని మీద నూనెలో కరిగించిన కొవ్వు ఒక్కో చుక్క వేస్తుంది. చుక్క ఎక్కువైతే పొర మందమవుతుంది, తక్కువైతే చిల్లు పడుతుంది. పైన మందు పోసి, కింద ఉప్పునీళ్ళున్న ఇంకో ప్లేటు పెట్టి, ఐదు గంటల తర్వాత రెండూ విడదీస్తుంది. కిందికి మందు ఎంత చేరిందో మిషను చెబుతుంది. ఇంతే పని. ఈ కాస్త పనికే ఆవిడ మెడ, నడుము, కళ్ళు అన్నీ అరిగిపోయాయి.

నేను అదే ల్యాబులో గాజు సామాను కడుగుతాను, వాడేసిన ప్లేట్లు చెత్తగదికి చేరుస్తాను. ఆ ఉద్యోగం అక్క చూసిపెట్టిందే. నా భార్య పోయాక నా కూతుర్ని పెంచిందీ అక్కే. జడలు వేసి, లెక్కలు చెప్పి, చివరికి మా ల్యాబులోనే కెమిస్టుగా నిలబెట్టింది. అమ్మాయి మూడేళ్ళు నానా తంటాలు పడి ఒక మందు తయారుచేసింది. అది పొర దాటితే ఉద్యోగం ఖాయం. దాటకపోతే నెలాఖరుకి సామాను సర్దుకోవాల్సిందే. ముగ్గురం ఒకే ఇంట్లో ఉంటాం. ఆ నెలంతా మాకు వేరే మాట లేదు.

ఆ మందు ప్లేటు పెట్టింది అక్కే. బుధవారం సాయంత్రం పై గుంటలు చదివింది. వందకి ఎనభై పాళ్ళు మందు అక్కడ లేదు. కింది గుంటలు చదవబోతుంటే మిషనులో దీపం పోయింది. ల్యాబు పెద్దాయన నెత్తి మీద నిలబడ్డాడు.

"పైన లేనిది కిందే ఉంటుంది కదమ్మా, ఇంకెక్కడికి పోతుంది? రాసెయ్యండి."

పొద్దుట్నుంచి నిలబడి నిలబడి అక్కకు వాదించే ఓపిక లేకపోయింది. రాసేసింది. ఇన్నేళ్ళలో చూడకుండా రాసిన అంకె అదొక్కటే. అమ్మాయి పరిగెత్తుకొచ్చి మేనత్తను ఎత్తి గిరగిరా తిప్పింది.

"దింపవే తల్లీ, ఎముకలు విరుగుతాయి!" అంది అక్క, నవ్వలేక నవ్వుతూ.

మర్నాడు పొద్దున్నే మిషను బాగైంది. అక్క నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"ఒరేయ్, నిన్నటి ప్లేట్లు ఏవిరా?"

"ఎందుకు?"

"కింది గుంటలు చూడలేదు. పైన లేనంత మాత్రాన కిందికి దిగినట్టు కాదురా. కొన్ని మందులకి కొవ్వంటే మహా ఇష్టం. పొర దాకా వచ్చి, గడప మీద కూర్చున్న చుట్టంలా అక్కడే అతుక్కుపోతాయి. నాకు నిద్ర పట్టలేదు."

నాకు ఒళ్ళు మండింది. ఏం మనిషో! సొంత పిల్ల బతుకు కంటే గుంటలే ఎక్కువా? ప్లేట్లు చెత్తగదిలో నా సంచిలోనే ఉన్నాయి. మధ్యాహ్నం బండి వచ్చి పట్టుకుపోతుంది.

"పారేశాను," అన్నాను.

"సరేలే," అంది. పీడ విరగడైందనుకున్నాను.

గంట తర్వాత కడిగిన సీసాలు పెట్టడానికి వెళితే, కొత్త ప్లేటు ముందేసుకుని కూర్చుంది. పక్కన అమ్మాయి మందు, సీసా అడుగున కాస్త. కళ్ళు చికిలించుకుని కొవ్వు చుక్కలు వేస్తోంది. ఒకటి తప్పింది. ఛీ అనుకుని ఆ ప్లేటు పక్కన పడేసి ఇంకోటి తీసింది.

"ఎందుకక్కా నీకీ చాకిరీ? రాసిందేదో రాశావు. నీ చేత్తోనే దాని నోట్లో మట్టి కొడతావా?"

అక్క తలెత్తలేదు. "నా అంకె నమ్మి అది ఇంకో మూడేళ్ళు ఈ మందు వెంట పడుతుందిరా. రేపు ఏ జబ్బుమనిషో మింగి, నయమవుతుందని చూస్తూ కూర్చుంటాడు. అప్పుడు బయటపడితే దానికి నా మొహం ఎలా చూపించను?"

నేను చెత్తగదికి వెళ్ళి ప్లేట్లు తెచ్చి ఆమె ముందు పెట్టాను. సిగ్గుతో చచ్చిపోయాను.

"పారెయ్యలేదు," అన్నాను.

"తెలుసు. బండి మధ్యాహ్నం దాకా రాదుగా."

"మరి గట్టిగా అడగవేం?"

"నువ్వే తెస్తావేమోనని చూశాను," అంది అక్క.

కింది గుంటల్లో వందకి రెండు పాళ్ళు. పొరను స్పిరిట్‌లో కడిగి చూస్తే డెబ్భై ఏడు. మందు ఎక్కడికీ పోలేదు, కొవ్వులోనే ఉంది.

దిద్దిన కాగితం మీద 'కొలిచినవారు' అన్నచోట అక్క సంతకం పెట్టింది. 'సరిచూసినవారు' అన్నచోట ఖాళీ. పెద్దాయన మీటింగు ఉందంటూ జారుకున్నాడు. అమ్మాయి వచ్చి అంకెలు చూసింది, మళ్ళీ చూసింది. కళ్ళనీళ్ళు బొటబొటా రాలాయి. మిషను దగ్గరికి వెళ్ళి మూడు గుంటలు తనే మళ్ళీ చదివింది. తిరిగొచ్చి ఆ ఖాళీలో తన పేరు రాసింది. నెలాఖరుకి ఉద్యోగం పోయింది.

సంతకం పెట్టిన రోజు సాయంత్రం ఇంటికొచ్చాక ఎవరికీ అన్నం సయించలేదు. అమ్మాయి అక్క వెనక కూర్చుని మెడకి నొప్పిమందు రాస్తోంది.

"ఇదైనా లోపలికి పోతుందా అత్తా?"

"పోతుందే. ఇందులో ఉన్న కర్పూరం అణువు చిన్నది, అది దాటేస్తుంది."

ఇక ఉండబట్టలేక, ప్లేట్లు దాచిన సంగతి అమ్మాయికి చెప్పేశాను. తిడుతుందనుకున్నాను.

"నేనైతే నిజంగానే పారేసేదాన్ని నాన్నా," అంది. ఆ మాటతో వెక్కివెక్కి ఏడ్చింది.

అక్క కళ్ళు మూసుకునే ఉంది. "పారేసేదానివి కాదులే," అంది. "ఇంకాస్త కిందికి రాయి."