చివరి ప్రశ్న

సూర్యాపేటలో జరిగిన పరిశోధనా పద్ధతుల శిక్షణలో నా పక్క కుర్చీ ఆమెది. తిరుమలగిరి నుంచి రోజూ బస్సులో వచ్చే టీచరమ్మ. నేనేమో పీహెచ్‌డీ చేస్తున్నవాణ్ణి. సర్వే అంటే నాకే తెలుసనుకునేవాణ్ణి.

మూడో రోజు పత్తి ఏరే ఆడవాళ్ళతో మాట్లాడి రమ్మని మమ్మల్ని ఆత్మకూరుకు పంపారు. నేను ఫారంలో ఉన్న వరుసలోనే పేరు, కులం, కూలి అడిగాను. "గివన్ని ఎందుకు సారూ?" అంటూ వాళ్ళు ముడుచుకుపోయారు. ఆమె మాత్రం ఫారం తిరగేసి, అట్టడుగున ఉన్న ప్రశ్నతో మొదలుపెట్టింది.

"అవ్వా, నువ్వేమన్న చెప్పాలనుకుంటున్నవా? గది ముందుగాల చెప్పు."

అవ్వ గంటసేపు చెప్పింది. పేరూ కులమూ కూలీ ఆ మాటల్లోనే వచ్చేశాయి.

ఆ సాయంత్రం ఆమె రాసింది అందరికీ చదివి వినిపించారు. చప్పట్లు కొట్టాను గానీ కడుపు మండిపోయింది. "నీ ఫారం మస్తు నీట్‌గున్నది తమ్మీ" అంది ఆమె, నిజంగానే మెచ్చుకుంటూ. అది ఇంకా గుచ్చుకుంది.

ఇప్పుడు మిర్యాలగూడలో శిక్షణ తరగతులు నేనే చెబుతున్నాను. చివరి ప్రశ్నతో మొదలుపెట్టమంటాను. "ఇది మీకెవరు నేర్పిన్రు సార్?" అని ఎవరైనా అడిగితే, అనుభవం అంటాను.