ఇంజను చల్లారేదాకా

నా చిన్నప్పుడు మా బాపు నవ్విన రోజులు తక్కువ. అందుకే అవి ఒక్కొక్కటీ గుర్తున్నాయి. పాత మోటారు పడవ ఒకటి బేరం చేయడానికి దొంకేశ్వర్ బయలుదేరిన రోజు వాటిలో ఒకటి. ఆ పొద్దున ఆర్మూరు బస్టాండులో, నేను అడక్కుండానే నాకు మిర్చి బజ్జీలు కొనిపెట్టాడు. మా బాపమ్మ ఆ బజ్జీల వంకా, కొడుకు ముఖం వంకా మార్చి మార్చి చూసింది. ఆమెకు భయం పట్టుకున్నది అప్పుడేనని నేననుకుంటాను.

మా చేను ప్రాజెక్టు నీళ్ళలో మునిగిపోయాక మేం ఆర్మూరు వచ్చి పడ్డాం. బావి దగ్గర ఆయిల్ ఇంజను పెట్టి, పసుపు పండించి, బండ్ల మీద మార్కెట్టుకు తెచ్చిన మనిషి మా బాపు. అదే మార్కెట్టులో ఇప్పుడు వేరేవాళ్ళ పసుపు బస్తాలు మోసే హమాలీ అయ్యాడు. నడుము పాడైపోయింది. పొద్దున్నే గోడ పట్టుకుంటే తప్ప లేవలేకపోయేవాడు. నీళ్ళ అవతలి ఊళ్ళకు జనాన్ని దాటించే పడవ అమ్మకానికి వచ్చిందని ఎవరో చెప్పిన నాటి నుంచి ఆయనకు వేరే ధ్యాస లేదు. పడవ కుదిరితే వీపు మీది బస్తా దిగుతుంది. కుదరకపోతే నడుము విరిగేదాకా మోయాల్సిందే. ఈ సంగతి మా ఇంట్లో నాతో సహా అందరికీ తెలుసు.

బాపమ్మను వెంట పంపాలన్నది మా అమ్మ పట్టుదల. బాపమ్మ ఎన్నడూ పడవ ఎక్కిన మనిషి కాదు, నీళ్ళంటే ఆమడ దూరం. అయినా మా ఇంట్లో కొనేదేదైనా ఆమె చెయ్యి పెట్టి చూడాల్సిందే. పసుపు కుప్ప దగ్గర అమ్మేవాళ్ళు తళతళలాడే కొమ్ము ఒకటి తీసి, విరిచి చూడమని చేతికిస్తారు. బాపమ్మ దాన్ని మర్యాదగా పక్కన పెట్టి, కుప్ప అడుగుకు చెయ్యి దూర్చి, తనకు దొరికిన కొమ్మును విరిచి లోపలి రంగు చూసేది. అమ్మేవాడు చూపించినది చూడటం చూడటమే కాదని ఆమె నమ్మకం. మా బాపుకు మాత్రం ఆమె రావడం బొత్తిగా ఇష్టం లేదు. సంచిలో అప్పటికే కొబ్బరికాయ, పసుపు, కుంకుమ సర్దుకున్నాడు. పడవ ఇంకా చూడనే లేదు, పూజ సామాను మాత్రం సిద్ధం!

మేం దొంకేశ్వర్ చేరేసరికి ప్రాజెక్టు ఒడ్డు మీద చలికాలపు మంచు ఇంకా విడలేదు. పడవ కొత్తగా పూసిన తారుతో నిగనిగలాడుతోంది. అమ్మే మనిషిది మా బాపు ఈడే. వాళ్ళ ఊరు కూడా ఆ నీళ్ళ కిందనే ఉందట. సంచిలోంచి తొంగిచూస్తున్న కొబ్బరికాయ మీద అతని చూపు పడింది, ముఖం తేటపడింది. అమ్మేవాడికి అంతకంటే ఏం కావాలి!

మా బాపు పడవలోకి దిగి ఇంజను మీద చెయ్యి వేశాడు. వేసిన చెయ్యి ఒక్క క్షణం అక్కడే ఆగింది. తర్వాత మెల్లగా తీసి, పంచెకు తుడుచుకుని, మంచిగనే ఉన్నదన్నాడు. ఆయన చేసిందల్లా చేసే వయసు నాది. నేనూ పోయి చెయ్యి పెట్టి, చురుక్కుమనేసరికి కెవ్వుమన్నాను.

“ఎండకు కాగిందే,” అన్నాడు బాపు నన్ను చూడకుండా.

ఎండేది? మంచులో అవతలి ఒడ్డే కనిపించడం లేదు.

బాపమ్మ నన్ను ఒడ్డుకు లాగి, కాలిన చెయ్యి తిప్పి చూసింది. ఒడ్డున చతికిలబడి, ఆకలవుతోందని సద్ది మూట విప్పింది. జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ తొక్కు. నాకో ముక్క పెట్టింది, అమ్మే మనిషినీ పిలిచి పెట్టింది. వాళ్ళ ఊరేది, పిల్లలెందరు, అత్తగారి ఊరెక్కడ అని ఒక్కొక్కటే అడుగుతూ కూర్చుంది. అతను ముళ్ళ మీద ఉన్నట్టున్నాడు. పొద్దు పోతోంది ఎక్కమని బతిమిలాడాడు.

“పండ్లు లేని ముసల్దాన్ని కొడుకా, జర మెల్లగ తిననియ్యి. ఉరుకులేంది?” అందామె.

పండ్లు లేకపోవడమా! ముందు రోజే చెరుకు గడ నమిలిన మనిషి. నాకు నవ్వొచ్చింది కానీ బాపు వీపు చూసి ఆపుకున్నాను. ఆయన మాకు వీపు పెట్టి నీళ్ళకేసి చూస్తూ కూర్చున్నాడు. చివరికి బాపమ్మ చెయ్యి కడుక్కుని, పడవ దాకా నడిచి, అంచు మీదుగా వంగి, తడి చేతిని ఇంజను మీద ఆనించింది.

“ఇగ తిప్పు,” అంది.

అతను హ్యాండిల్ తిప్పాడు. ఇంజను ఉలకలేదు. మళ్ళీ తిప్పాడు, ఆగి ఊపిరి పీల్చుకుని మళ్ళీ తిప్పాడు. అంత చలిలోనూ అతని మెడ మీద చెమట కారింది. అప్పుడు మా బాపు లేచి హ్యాండిల్ తన చేతిలోకి తీసుకున్నాడు. కొనడానికి వచ్చినవాడు, అమ్మేవాడి తరఫున, పళ్ళు బిగబట్టి, ఒక చెయ్యి నడుము మీద వేసుకుని తిప్పుతున్నాడు. అలాంటి దృశ్యం ఏ పిల్లా చూడకూడదు. ఎట్టకేలకు నల్లటి పొగ కక్కి ఇంజను అందుకుంది. బాపు మావైపు తిరిగి, “అయ్యింది అవ్వా, సూడు!” అని అరిచాడు. ఆ గొంతులో సంతోషం కంటే వేడుకోలు ఎక్కువ ఉంది. బాపమ్మ నా రెక్క పట్టుకుని పడవ ఎక్కింది. జీవితంలో మొదటిసారి.

కొంత దూరం బాగానే పోయింది. తర్వాత నా పాదాలకు తడి తగిలింది. పలకల సందుల్లో కొత్త తారు కింద నుంచి నీళ్ళు ఊరుతున్నాయి. అమ్మే మనిషి రేకు డబ్బాతో తోడి పోస్తున్నాడు. ఇంకొంత దూరం పోయాక ఇంజను రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. ఆ తర్వాత ఎవరెంత తిప్పినా లేవలేదు. గాలి మమ్మల్ని పక్కకు నెడుతోంది. అతను వెదురు గడ తీసుకుని పడవను ఒడ్డుకు మళ్ళించాడు. కొంతసేపటికి, గడ వేస్తూనే, తల వంచుకుని చెప్పాడు.

“అన్నా, సల్లగుంటే ఇది లేవది. మీరొస్తరని పొద్దుగాల్నే శానా సేపు తిప్పలువడి, ఇంజన్ నడిపిచ్చి వేడి జేసి వెట్టిన. గిది అమ్ముడువోతే దుబాయి వోదామనుకున్న. నాకు గూడ ఇంకో దారి లేదే.”

“నాకు ఎర్కే,” అన్నాడు మా బాపు. “చెయ్యి వెట్టంగనే ఎర్కైంది. బాయి కాడ గసొంటి ఇంజన్ ఎన్నేండ్లు నడపలే నేను?”

బాపమ్మ కొడుకును తిట్టలేదు, ఆ మనిషినీ తిట్టలేదు.

“ఎర్కై గూడ ఎట్ల కొంటనంటవ్ బిడ్డా?”

“కొనకపోతే ఏం జెయ్యాలె అవ్వా? నువ్వే జెప్పు.”

బాపమ్మ వంగి, పడవ అడుగున చేరిన నీళ్ళలో చెయ్యి పెట్టి చూసింది. ఆ తడి చెయ్యే నా తల మీద వేసి, “గీ పోరి అసొంటి పిల్లలు ఎక్కుతరు బిడ్డా. నడిమిట్ల ఆగితే ఎట్ల? వద్దు,” అంది. మా బాపు మోకాళ్ళ మీద తల పెట్టుకున్నాడు. ఆయన ఏడుస్తున్నాడని వీపు చూసి తెలుసుకున్నాను.

తిరుగు బస్సులో నాకు బాపమ్మ మీద పట్టరాని కోపం. ఆ ఒక్క మాట అనకపోతే మా ఇంటికి పడవ వచ్చేది కదా! పిల్లలు మునుగుతారన్న మాట అర్థమైంది కానీ, నా కళ్ళ ముందు మునుగుతున్నది మా బాపే. నిజం చెప్పాలంటే ఆ కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. ఆమె చెప్పింది న్యాయమే. న్యాయమైన మాట కూడా మనిషిని ఎంత చితకగొడుతుందో ఆ రోజే చూశాను.

మర్నాడు బాపు గోడ పట్టుకుని లేచి మార్కెట్టుకు బయలుదేరాడు. మోకాళ్ళ నొప్పులతో ఎప్పుడో పని మానేసిన బాపమ్మ కొంగు నడుముకు చుట్టి ఆయన వెనకాలే గడప దాటింది. పసుపు ఏరే ఆడవాళ్ళతో కూలికి కూర్చుంటానంది. ఇదేం పనే అవ్వా అని బాపు కసిరాడు.

“వద్దన్నది నేనే గద బిడ్డా,” అంది, అంతే.

ఆ కూలితో మా బతుకు మారిందేమీ లేదు. బాపు నడుము బాగుపడలేదు, బస్తా దిగలేదు, ఆ మనిషి దుబాయి చేరాడో లేదో మాకు తెలియలేదు. కానీ బాపమ్మ చూపు ఆనినంత కాలం ఆ కుప్పల దగ్గర కూర్చుంటూనే ఉంది.

ఇప్పుడు మా వాళ్ళెవరైనా ఆశగా ఏదో తెచ్చుకుని, నన్ను పిలిచి ఎట్లుందని అడిగితే, లోపం కనిపిస్తే దాచను, చెప్పేస్తాను. చెప్పడం పెద్ద పనేం కాదు. చెప్పిన తర్వాత మాత్రం నా చెప్పులు వేసుకుని నా ఇంటికి నేను వచ్చేయలేను. మర్నాడు పొద్దున్నే లేచి వాళ్ళింటికి పోతాను, పోయి ఏ పనుంటే ఆ పని అందుకుంటాను.