చలికాలపు తొట్టి నీళ్లు

మా ఉస్తాద్ పోయారు. ఈ కబురు నాకు సోమవారం పొద్దున బాలానగర్‌లో ఫ్యాక్టరీ గేటు దగ్గర తెలిసింది. కొత్తగూడ నుంచి పనికి వచ్చే వెల్డర్ ఒకతను సైకిల్ దిగకుండానే, "మీ ఉస్తాద్ నిన్న పొద్దుగాల పోయిండు సార్. నిన్ననే అంతా అయిపోయింది. రేపు పిట్టకు పెడుతున్నరు" అన్నాడు. 'మీ ఉస్తాద్' అన్న మాటకు నేను తలూపాను. ఆ మాటకు తలూపే అర్హత నాకుందా అన్న సంగతి రెండు రోజులుగా నన్ను నిద్ర పోనివ్వడం లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

పని నేర్పినవాణ్ణి ఇక్కడ ఉస్తాద్ అంటారు. నాకు ఆ మాట తెలియదు. మాది తెనాలి పక్క పల్లె. పాలిటెక్నిక్ చదివి డెబ్భై ఒకటి చలికాలంలో ఈ ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌గా చేరాను. ఏడాది దాకా పర్మనెంటు చేయరు, నచ్చకపోతే ఏ రోజైనా ఇంటికి పొమ్మనవచ్చు. నన్ను వేసింది ఉక్కు కాల్చే షెడ్డులో. ఇనుప పిన్నులనూ ఉలులనూ ఎర్రగా కాల్చి నీళ్ల తొట్టిలో ముంచి గట్టిపరచడం అక్కడి పని. పేరుకు నేను సూపర్‌వైజర్ని, నా చేతి కింద ఆయన. నిజానికి ఎవరు ఎవరి చేతి కింద ఉన్నారో మొదటి రోజు పొద్దున ఆరు గంటలకే తేలిపోయింది.

చలికి పళ్లు టకటకలాడుతుంటే చేతులు చంకల్లో పెట్టుకుని నిలబడ్డాను. ఆయన ఫర్నేసు పక్కన రేకు మీద ఒక నల్లటి గిన్నె పెట్టి చాయ్ కాస్తున్నారు. అల్లం, మిరియాలు, లవంగాలు, ఇంత దాల్చిన చెక్క. ఆ ఘాటుకే ముక్కు తెరుచుకుంది. గ్లాసు నా చేతికిచ్చారు.

"వద్దండి, మేము కాఫీ తాగుతామండి" అన్నాను.

"కాఫీ నాలికెకు బిడ్డా. గిది పెయికి. చలి పెయికి పెడుతున్నది గాని నాలికెకు గాదు గదా. తాగు."

పెయి అంటే ఒళ్లని అప్పుడే తెలిసింది. తాగాను. గొంతులో మిరియం మంట, వెనకనే బెల్లం తీపి. చెవులు వేడెక్కాయి. మరో గ్లాసు కావాలని అడగడానికి మొహమాటపడుతుంటే ఆయనే పోశారు. ఆ తర్వాత 'ఉస్తాద్ గారండీ' అని పిలిస్తే షెడ్డంతా నవ్వింది. ఉస్తాద్‌కు గారూ, దాని తోక పట్టుకుని అండీ కూడానా అని నన్ను నెల రోజులు ఏడిపించారు.

ఆయన నాన్న కొత్తగూడలో బండి చక్రాలకు పట్టాలు ఎక్కించే కమ్మరి. ఆ కొలిమి దగ్గర నేర్చిన కన్నుతోనే ఈయన ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్లు నెట్టుకొచ్చారు. ఫర్నేసుకు వేడి చూపే మీటరు ఉండేది, అది ఏ నెలలో పనిచేస్తుందో ఎవరికీ తెలియదు. ఆయన మూత కొద్దిగా తెరిచి, కళ్లు చికిలించి చూసి చెప్పేవారు. "రేగుపండు రంగుకు తియ్యాలె. మోదుగుపువ్వు దాక పోనిచ్చినవనుకో, ఉక్కు సచ్చిపోతది. ముంచంగనే పలుగుతది." నేను డిప్లొమాలో చదివిన డిగ్రీలన్నీ ఆ రెండు రంగుల్లో ఇమిడిపోయాయి.

చలికాలంలో ఇంకొక ఆచారం ఉండేది. ఈ పనిలో ఉన్నవాళ్లకు కొత్త కాదు గానీ మిగతావాళ్లకు చెప్పాలి. రాత్రంతా మంచులో ఉన్న తొట్టి నీళ్లు పొద్దున మంచుగడ్డలా ఉంటాయి. అందులో కాలిన ఉక్కును ఒక్కసారిగా ముంచితే పగుళ్లిస్తుంది. అందుకని ముందు ఒక పెద్ద ఇనుప ముద్దను ఎర్రగా కాల్చి తొట్టిలో వేస్తారు. నీళ్ల చలి విరుగుతుంది. ఆ తర్వాతే అసలు సరుకు. "మనిషికి చాయ్, నీళ్లకు ఎర్ర ఇనుము. ఇద్దరి చలి తీసినంకనే పని" అనేవారు. చాయ్ ఆయన పని, ఇనుప ముద్ద కొత్తగా చేరినవాడి పని. కాబట్టి నాది.

ఒక ఆదివారం నన్ను కొత్తగూడకు రమ్మన్నారు. రాళ్ల గుట్టల మధ్య, సీతాఫలం చెట్ల పక్క నుంచి బండ్ల బాటలో సైకిల్ తొక్కుకుంటూ వెళ్లాను. ఇంటావిడ రోట్లో మిరియాలు నూరుతున్నారు. ఆయన పొయ్యి ముందు కూర్చుని నాకు చాయ్ పాఠం చెప్పారు. "బెల్లం ఎప్పుడెయ్యాలె? గిన్నె దించినంక. పొయ్యి మీదుండంగ ఏస్తె పాలిరుగుతయ్. దేనికైన ఒక టైముంటది బిడ్డా." ఆవిడ నవ్వి, "ఇంట్ల గిట్లనే, ఆడ గిట్లనే. చాయ్ లేకుంటె ఈయినె చెయ్యి లేవది" అన్నారు. నా పక్కన కూర్చుని నేను తాగుతుంటే చూసి మురిసిపోయిన ఉస్తాద్‌కు నేను ఏం చేశానో ఇక చెప్పాలి.

ఆ మరుసటి వారమే. అంతకుముందు రోజే దర్జీ దగ్గర నుంచి తెచ్చుకున్న తెల్ల టెరిలిన్ ప్యాంటు వేసుకుని వచ్చాను. ఇనుప ముద్ద తొట్టిలో పడితే మసి నీళ్లు మోకాళ్ల దాకా చిందుతాయి. ప్యాంటు చూసుకున్నాను, తొట్టి చూశాను. ఒక్క రోజుకు ఏమవుతుందిలే అనిపించింది. ముద్దను పటకారుతో తీసి మెల్లగా బూడిద గుంటలోకి జార్చాను. బ్లోయరు హోరులో నీళ్ల చప్పుడు ఎలాగూ ఎవరికీ వినపడదు.

చాయ్ గిన్నె దగ్గర నుంచి ఆయన కేకేశారు. "ఇనుము పడ్డదా బిడ్డా?"

"పడ్డదండి" అన్నాను.

మామూలుగా ఆయన తొట్టిలో వేలు పెట్టి చూసుకునేవారు. ఆ రోజు నేను చెప్పాను కాబట్టి చూసుకోలేదు. నా గ్లాసు నాకిచ్చి, ఫర్నేసు మూత తీసి, పిన్నులు ముంచారు. నేను చాయ్ తాగుతూ నిలబడ్డాను. మొత్తం సరుకు పగిలింది. వెంట్రుకంత సన్నటి గీతలు, ప్రతి పిన్ను మీదా.

పది గంటలకు మా షెడ్డు ఇంజనీరు వచ్చాడు. ఆ పిన్నులు వేరే ఊరికి ఆ రోజే వెళ్లాల్సినవి. ఇంజనీరు నన్నే అడిగాడు. "సరుకు లోపలున్నప్పుడు ఉస్తాద్ ఎక్కడున్నాడు?"

"చాయ్ కాస్తున్నారండి."

అందులో అబద్ధం లేదు. అందుకే అంత సులువుగా నోటి నుంచి వచ్చింది. మిగిలింది చెబితే నా ఉద్యోగం ఆ పూటే పోతుంది, తెనాలి బస్సెక్కాలి. అంతే అనుకున్నాను, ఇంకేమీ అనుకోలేదు. ఇంజనీరు ఆయన వైపు తిరిగాడు. ఆయన ఒక పిన్నును చేతిలో అటూ ఇటూ తిప్పి చూస్తున్నారు.

"నీళ్ల తప్పు గాదు సార్, నీళ్లల్ల ఇనుము పడ్డది. నేనే చాయ్ మీద పడి రంగు చూసుకోలే. మోదుగుపువ్వుకు పోయినట్టున్నది. నాకు రేగుపండే అగుపడ్డది. ఇగ నా కన్ను పనికొస్తలేదు."

ఆ మాట అంటూ ఆయన నా వైపు చూడను కూడా లేదు. నా మీద ఆయనకు అనుమానమే రాలేదు. నేను నోరు తెరవాల్సిన క్షణం అదే. ప్యాంటు మీద మసి పడలేదు కదా అని కిందికి చూసుకున్నాను.

చాయ్ గిన్నెను షెడ్డులోంచి తీసేయించారు. వారం తిరగకుండా ఆయనను ఆరుబయట తుక్కు ఇనుము గుట్టల దగ్గర వేశారు. శిక్ష అని అందరూ అనుకున్నారు. తర్వాత తెలిసింది, తనే అడిగి వేయించుకున్నారని. తుక్కు ఏరడానికి కన్ను అక్కర్లేదు కదా అన్నారట. నేను పర్మనెంటయ్యాను. రెండేళ్లకు ఆ షెడ్డుకు ఇన్‌చార్జినీ అయ్యాను. రేగుపండు రంగు నాకు బాగానే తెలుసని పేరు కూడా తెచ్చుకున్నాను.

ఆ రోజు నుంచి ఆయన నన్ను బిడ్డా అని పిలవలేదు, సార్ అన్నారు. ఒక చలికాలం పొద్దున, తుక్కు గుట్ట పక్కన గోనెసంచి కప్పుకుని కూర్చున్న ఆయనకు క్యాంటీన్ నుంచి చాయ్ పట్టుకెళ్లాను. చెప్పేద్దామనే వెళ్లాను. గ్లాసు వైపు చూసి, "నాకు పడుతలేదు సార్. మీరు తాగున్రి" అన్నారు. కోపం, అనుకున్నాను. అంతా తెలిసిపోయింది, తెలిసి కూడా నన్ను బయటపెట్టకుండా ఊరుకున్నారు, అందుకే నా చేతి చాయ్ ముట్టడం లేదు అనుకున్నాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, అలా అనుకోవడంలో నాకు కొంత హాయిగా ఉండేది. తెలిసినవాడికి మళ్లీ చెప్పే పని లేదు కదా. కోపంగా ఉన్న మనిషిని తప్పించుకు తిరగడం తేలిక కూడా. ఆయన రిటైరయ్యేదాకా అలాగే తిరిగాను.

మొన్న మంగళవారం కొత్తగూడ వెళ్లాను. చచ్చిపోయిన మనిషికి ఇష్టమైనవన్నీ మూడో రోజు ఆరుబయట ఆకులో పెడతారు. కాకి వచ్చి ముట్టాలి. రాకపోతే ఆ మనిషికి ఏదో మిగిలిపోయిందని లెక్క. దాన్నే ఇక్కడ పిట్టకు పెట్టడం అంటారు. ఊరి బయట బండరాయి మీద అన్నం, గారెలు, బెల్లం, ఆకు వక్క పెట్టి అందరం దూరంగా నిలబడ్డాం. చలిగాలి కొడుతోంది. కాకులు చుట్టూ తిరుగుతున్నాయి గానీ దిగడం లేదు. ఒక పెద్దమనిషి, "ఏమన్న మాటిచ్చేదుంటే ఇయ్యున్రి" అన్నాడు. కొడుకు, "అమ్మను మంచిగ చూసుకుంట నాయినా, ఫికర్ చెయ్యకు" అన్నాడు. కూతురు ఏదో అంది. కాకి దిగలేదు.

నాకు ఆ ఆకులో లోటు కనబడింది. పక్కనే ఉన్న ఇంటావిడతో మెల్లగా అన్నాను. "చాయ్ పెట్టలేదేమమ్మా? ఆయనకు ప్రాణం కదండీ."

ఆవిడ నన్ను వింతగా చూశారు. "చాయ్ ముట్టక ఎనిమిదేండ్లాయె బిడ్డా. ఇంట్ల కూడ కాయనియ్యలే. ఏందయ్యా అంటె, నా చాయ్ పిచ్చికి ఫ్యాక్టరీల సరుకంత పలిగింది, గా పోరగాని ముంగట నా ఇజ్జత్ పోయింది, పని నేర్పెటోనికి కన్ను పోతె ఏం మొఖం పెట్టుకోని మాట్లాడాలె అనేటోడు."

గా పోరగాడు నేనే, ఆవిడ గుర్తుపట్టలేదు. ఆయనకు ఏమీ తెలియదు. కోపం కాదు, సిగ్గు. నా ముందు సిగ్గు. నేను తొట్టిలో వేయని ఇనుమును ఆ మనిషి ఎనిమిదేళ్లు గుండెల మీద పెట్టుకుని మోశాడు. మోస్తూనే పోయాడు. కాకి దిగాలనో, నలుగురిలో నా పరువు పోవాలనో తెలియదు గానీ ఆ బండరాయి వైపు రెండడుగులు వేసి గట్టిగానే అన్నాను.

"ఉస్తాద్, ఆ రోజు నేను నీళ్లల్లో ఇనుము వేయలేదు. పడ్డదని అబద్ధం చెప్పాను. నీళ్లు చల్లగా ఉండబట్టే పగిలాయి. మీ కన్ను మంచిదే. రంగు రేగుపండే."

చాలామందికి నేనేం చెబుతున్నానో అర్థం కాలేదు. నాకు కబురు చెప్పిన వెల్డరుకు అర్థమై తల దించుకున్నాడు. ఇంటావిడ నా మొహంలోకి చూశారు.

"గీ మాట ఆయినకు గప్పుడే చెప్తే అయిపోతుండె గదా" అన్నారు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "ఒక్క మాట. తుక్కు కాడ చలికి వణుక్కుంట అన్నేండ్లు కూసున్నడు."

ఆవిడ కోడలి వైపు తిరిగి, "ఉరుకు, పొయ్యి ముట్టియ్యి. మిరియాలు జర ఎక్కువెయ్యి" అన్నారు.

చాయ్ వచ్చింది. గ్లాసును నేనే తీసుకెళ్లి రాతి మీద పెట్టాను. వెనక్కి వచ్చేసరికి కాకులు దిగాయి. అన్నం ముట్టాయి, గారె ఎత్తుకుపోయాయి. అంతా ఊపిరి పీల్చుకుని కాళ్లు కడుక్కోవడానికి బయల్దేరారు. గ్లాసు వైపు ఒక్క కాకీ పోలేదు.

నేను కదలకపోవడం చూసి ఆవిడ వెనక్కి వచ్చారు. "కాకులు చాయ్ తాగయి బిడ్డా. నడువు, చలి పెడుతున్నది" అన్నారు.

నేను మీరు పదండి అన్నాను. గ్లాసులోంచి లేచే ఆవిరి సన్నబడి, సన్నబడి, ఆగిపోయేదాకా అక్కడే నిలబడ్డాను.