స్టూళ్ల మధ్య నడిచిన అమ్మాయి

1985 జనవరిలో కరీంనగర్‌లోని ప్రభుత్వ ఆసుపత్రి కంటి విభాగంలో అసిస్టెంట్ సివిల్ సర్జన్‌గా చేరాను. మా దగ్గరికి ఎక్కువగా వచ్చేది శుక్లాలు ముదిరిన వృద్ధులు. పదో తరగతి పిల్లలు వస్తే అద్దాల కోసం వచ్చేవారు. సుజాతదీ పదో తరగతే, కానీ అద్దాల కోసం రాలేదు.

వేములవాడ దగ్గరి పల్లె నుంచి తండ్రి రాజిరెడ్డి తీసుకొచ్చాడు. సేద్యం చేసే మనిషి. కొంతకాలంగా ఆమెకు ఎదురుగా ఉన్నదే తప్ప పక్కనున్నవి కనబడటం లేదట. మార్చిలో పరీక్షలు. "గీ పిల్ల డాక్టర్ కావాలె సారు. ఫస్టు క్లాసు తప్పితే నడువది. జర తొందరగ నయం చేయుర్రి," అన్నాడు.

నేను మొదట భయపడింది రెటీనా జబ్బుకు. కంటి లోపలి పొర అంచుల నుంచి చెడిపోతూ వస్తే, గొట్టంలోంచి చూసినట్టు చూపు ఇరుకవుతుంది. దానికి మా దగ్గర మందు లేదు. చుక్కలు వేసి లోపల చూశాను. నరం, పొర రెండూ శుభ్రంగా ఉన్నాయి.

మరునాడు నల్ల తెర పరీక్ష. గోడకు కట్టిన నల్లగుడ్డ మధ్యలో ఉన్న చుక్కను ఒక కంటితో చూడమంటాం. పుల్ల చివర గుచ్చిన తెల్ల గుండును అంచు నుంచి లోపలికి తెస్తూ, అది కనబడిన చోటల్లా గుర్తు పెడతాం. మీటరు దూరంలో ఆమెకు కనబడిన మేర అన్నం పళ్లెమంత వచ్చింది. ఆమెను రెండు మీటర్లకు జరిపి, గుండునూ పెద్దది తీసుకున్నాను. దూరం రెట్టింపైతే ఆ వృత్తం వెడల్పూ రెట్టింపు కావాలి. జబ్బు కంటికైనా అంతే. ఆమెది మళ్లీ అదే పళ్లెమంత. కంటి జబ్బేదీ అలా చేయదు.

మా ప్రొఫెసర్‌గారు, ఆయన పోయి చాలా ఏళ్లయింది, ఇలాంటప్పుడు గదిలో స్టూళ్లు అడ్డంగా పెట్టించి రోగిని నడిపించేవారు. నేనూ మూడు పెట్టించి, తలుపు దగ్గరున్న తండ్రి ముఖమే చూస్తూ నడవమన్నాను. సుజాత ఒక్కదానికీ తగలకుండా వెళ్లింది.

రాజిరెడ్డి ముఖం ఎర్రబడింది. "సూసిన్రా సారు! అన్ని కనవడుతున్నయ్. సదువు తప్పించుకునేటందుకు నాటకమాడుతుంది. ఇంటికి నడువు, నీ సంగతి చెప్త."

ఆగమన్నాను. నాటకమాడేవాళ్లు స్టూలుకు తగులుతారు. తగిలి, మనం చూశామో లేదో చూస్తారు. కనబడదని నిజంగా నమ్మే మనిషికి తగలాలన్న ఆలోచనే రాదు, కాళ్లు వాటంతటవే తప్పుకుంటాయి. ఇది నిక్కచ్చి రుజువు కాదు. ఆమె అబద్ధం చెప్పడం లేదని నమ్మడానికి నాకు సరిపోయింది. అతనికీ అదే చెప్పాను.

"కంటికి రోగం లేదంటిరి. అబద్ధం గాదంటిరి. మరేంది సారు?"

అతన్ని వరండాలో కూర్చోమని, చదివేటప్పుడు ఏం కనబడుతుందని సుజాతను అడిగాను.

"పుస్తకం మంచిగనే కనవడుతది సార్."

"దాని పక్కన?"

"పక్కకు బాపు కుర్సీ ఏసుకొని కూసుంటడు. గాయన కనవడడు."

ఫిర్యాదులా చెప్పలేదు. ఊరి పేరు అడిగితే చెప్పినట్టు చెప్పింది.

తండ్రిని పిలిచి అడిగితే దాచలేదు. తెల్లవారుజామున ఆమెను లేపి, పొలానికి పోయేదాకా పక్కనే కూర్చుంటాడు, పొద్దుగూకాక మళ్లీ. "నేను ఎన్మిదిలనే ఇడిసిపెట్టిన సారు. నా పక్కన కూసునేటోడు లేకనే గదా!"

పిల్ల చదివే చోట తండ్రి పదిహేను రోజులు కూర్చోరాదని చీటీ మీద రాశాను. అతను చీటీ తిప్పి చూశాడు. "గోలీలు రాయలేదేంది? గడప బయట కూసోవచ్చునా?"

"వద్దు."

"పసుల కొట్టంల?"

"అక్కడ కూర్చోండి."

పదిహేను రోజుల తర్వాత వచ్చారు. మీటరు దూరంలోనే సుజాతకు గుడ్డ అంచుల దాకా కనబడింది. "పిల్ల మంచిగనే ఉన్నది, నాకే నిద్ర వడ్తలేదు. నాకేమన్న రాయుర్రి," అన్నాడు రాజిరెడ్డి.

ఫలితాలొచ్చాక ఒక్కడే వచ్చి, సెకండ్ క్లాసులో పాసైందని చెప్పాడు. బైపీసీలో చేర్పించమంటారా అని అడిగాడు. ఆమెనే అడగమన్నాను.

"అడిగిన సారు. ఆలోచించి చెప్తనన్నది. ఇంకా చెప్తలేదు." వెళ్లబోతూ, "మల్ల అడగలే," అన్నాడు.

అప్పటి నుంచి, కంట్లో దోషం దొరకనప్పుడు కేసు షీటులో 'ఏమీ లేదు' అని రాయడం మానేశాను. 'కంట్లో కనబడలేదు' అని రాసేవాణ్ని. చూపు తగ్గిందని బడిపిల్లలు వస్తే, చదివేటప్పుడు పక్కన ఎవరు కూర్చుంటారని కూడా అడిగేవాణ్ని. ఆ ప్రశ్న మాత్రం పెద్దలను బయటికి పంపాకే అడగాలి.