బోణీకి పోయిన బొంత

కొండమ్మ పేరెత్తితే మా వీధిలో ఎవరైనా ముందు ఆమె బొంతల గురించే చెబుతారు. కంపెనీ దుప్పట్లు వచ్చాక నరసరావుపేటలో బొంతలు కుట్టించుకునేవాళ్ళు తగ్గారు గానీ, పసిబిడ్డ పుట్టిన ఇంటివాళ్ళు ఇప్పటికీ పాత చీరలు మూటగట్టుకుని ఆమె గుమ్మానికే వస్తారు. కట్టి కట్టి మెత్తబడిన చీరలను పొరలుగా పరిచి, చుట్టూ రంగు గుడ్డ వేసి, దగ్గర దగ్గరగా కుడుతుంది. ఆకుకూరల బుట్ట నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగిన రోజుల్లో కూడా మధ్యాహ్నాలు సూదికే ఇచ్చేది. మోకాళ్ళు అరిగాక బుట్ట మానేసింది, సూది మాత్రం మానలేదు.

ఆమెకు ఒక్కతే కూతురు, ప్రసన్నలక్ష్మి. మిరపకోతలకు వెళ్ళేది. రెండేళ్ళ కిందట బెల్లంకొండ వైపు కోతకు పోతుంటే కూలీల ఆటో బోల్తా పడింది. అంతమంది ఎక్కిన ఆటోలో ఆ ఒక్క పిల్లే పోయింది. దేవుడి లెక్కలు నాకెప్పుడూ అర్థం కాలేదు. అర్థమయ్యాయని చెప్పేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మంట.

పోయినవాళ్ళ బట్టలు ఇంట్లో ఉంచకూడదు, ఎవరికైనా ఇచ్చెయ్యమని అందరూ చెప్పారు. కొండమ్మ వినలేదు. "ఎవురికిచ్చేది? నా పిల్లయి నాకు బరువా?" అని, ఆ చీరలన్నీ కలిపి ఒక బొంత కుట్టింది. ముందురోజు కోత నుంచి వచ్చి దండెం మీద వేసిన చీరను ఉతక్కుండానే లోపలి పొరలో పెట్టింది. మిరప ఘాటు, తలనూనె కలిసిన వాసన ఒకటి ఆ బొంతలో ఉండేది. దాన్ని ఒక్కసారి కూడా కప్పుకోలేదు. పొద్దుగూకే వేళ ట్రంకుపెట్టెలోంచి తీసి, మొహం అందులో పెట్టుకుని కాసేపు కూర్చుని, మళ్ళీ మడిచి పెట్టేది. ఆ కాసేపటి కోసమే ఆమె మిగతా రోజంతా బతికేదని పక్కింటిదాన్ని నాకు తెలుసు.

బజారులో బట్టల కొట్టు కృష్ణకుమారమ్మది. బేరాలు పడిపోయాయని ఆమె దిగులుపడుతుంటే, చేత్తో చేసిన వస్తువులకు ఆన్‌లైన్‌లో దుకాణం పెడదామని కోడలు దీపశ్రీ ముందుకొచ్చింది. పని తెలిసిన పిల్ల. కొండమ్మ కుట్టిన బొంతలన్నీ తెప్పించి, తెల్లగోడ ముందు పొద్దుటి ఎండలో ఫొటోలు తీసింది. మనిషి చెయ్యి కనిపిస్తే కొనేవాళ్ళకు నమ్మకం కుదురుతుందని కొండమ్మ చేతినీ సూదినీ కూడా చూపించింది. అన్నీ అమిరాయి గానీ మొదటి పేజీలో పెట్టడానికి చూపు తిప్పుకోనివ్వని బొమ్మ ఒక్కటి దొరకలేదు. అది వెతుక్కుంటూ కొండమ్మ ఇంటికి వచ్చిన సాయంత్రం ట్రంకుపెట్టె తెరిచి ఉంది.

"కొండమ్మా, ఇది దాచావేంది? దీని ఎరుపు చూడు!" అంది దీపశ్రీ.

"అది అమ్మేది కాదమ్మాయిగారూ. మా పిల్లది. ఫొటో తీసుకోండి, దాన్ని మాత్రం అడగమాకండి."

దీపశ్రీ మాట ఇచ్చింది. ఫొటో పెట్టింది. కానీ స్టాకు లేదని రాస్తే బొమ్మకు అడ్డంగా బూడిదరంగు పట్టీ ఒకటి వచ్చి కూర్చుంటోంది. అంత అందమైన బొమ్మ మీద ఆ పట్టీని చూడలేక, స్టాకు ఒకటి ఉందని పెట్టి, ఎవరూ కొనరులే అని వెర్రి ధర ఒకటి వేసింది. ధర ఎక్కువైతేనే సరుకు మంచిదనుకునేవాళ్ళు ఉంటారని పాపం ఆ పిల్లకు తట్టలేదు. దుకాణం తెరిచిన రోజే బెంగళూరు నుంచి ఎవరో సరిగ్గా ఆ బొంతకే ఆర్డరు పెట్టారు. అదే మొదటి ఆర్డరు.

రద్దు చేద్దామంది దీపశ్రీ. కృష్ణకుమారమ్మ ససేమిరా అంది. బోణీ బేరాన్ని తిప్పి పంపితే ఆ దుకాణం ఇక లేవదని ఆమె నమ్మకం. అత్త మాటకు కోడలు ఎదురు చెప్పే ఇల్లు కాదది. ఇద్దరూ కలిసి కొండమ్మ ఇంటికి వచ్చారు. నేను అక్కడే మునగాకు దూస్తూ కూర్చున్నాను.

"ఏమే కొండమ్మా, నువ్వు బుట్ట మోసిన రోజుల్లో పొద్దున్నే ముందు ఎవరి గడపలో దించేదానివి?" అంది కృష్ణకుమారమ్మ.

"మీ గడపలోనే అమ్మగారూ."

"బోణీ చెయ్యండమ్మా, కాదనమాకండి అనేదానివి. కూర అక్కర్లేని రోజు కూడా కట్ట తీసుకున్నానా లేదా?"

"తీసుకున్నారమ్మా. మీ చెయ్యి చానా మంచిది."

"మరి ఇయ్యాళ నా బోణీ నువ్వు కాదంటావా?"

నాకు నోటిదాకా వచ్చింది, ఆకుకూర కట్టా, కన్నబిడ్డ చీరా ఒకటేనా అని. ఈలోపే కొండమ్మ లేచింది. దీపశ్రీ తల దించుకుని ఉంది. కొండమ్మ పెట్టె తీసి, బొంతను ఒకసారి మొహానికి ఆనించుకుని, కృష్ణకుమారమ్మ చేతుల్లో పెట్టింది. బోణీ అడిగిన నోటితో బోణీ కాదనలేకపోయింది. ఆ సాయంత్రం నుంచి పొద్దుగూకితే ఏం చెయ్యాలో తెలియక గుమ్మంలో ఊరికే కూర్చునేది.

కొన్నాళ్ళకు పార్శిల్ తిరిగొచ్చింది. ఉతికితే రంగు దిగుతోందట, వద్దట. కృష్ణకుమారమ్మ సంతోషానికి పట్టపగ్గాలు లేవు. తప్పు చేశానన్న గుబులు ఆమెకూ ఉండి ఉంటుంది. కొండమ్మను కొట్టుకు పిలిపిస్తే తోడుగా నేనూ వెళ్ళాను.

"చూశావా! బోణీ అయింది, నీ సొమ్ము నీ ఇంటికే వచ్చింది. దేవుడున్నాడే!"

కొండమ్మ కవరు చింపింది. ఎరుపు దిగి పక్క పొరలకంతా అంటుకుంది. అదేమీ ఆమె చూడలేదు. మొహం అందులో పెట్టింది. ఒక చోట వాసన చూసి, ఇంకో చోట చూసి, కుట్టు దగ్గర పళ్ళతో దారం తెంపి లోపలి పొరలో ముక్కు పెట్టింది. అంతా సబ్బుపొడి వాసన, నిలబడ్డచోటికి నాకే కొడుతోంది.

"ఏందే, నీ కుట్లు కావా?" అంది కృష్ణకుమారమ్మ.

"కుట్లు నాయే అమ్మగారూ."

బొంతను చక్కగా నాలుగు మడతలు పెట్టి బల్ల మీద, దీపశ్రీ ముందుకు జరిపింది.

"ఇంక ఎవురికైనా అమ్ముకోండమ్మాయిగారూ. నాకేం అభ్యంతరం లేదు."