నీళ్ళకి లోటు రానివ్వను

ఎడారి చూడాలన్న సరదా మా ఆయనది. దిగడానికి చోటు వెతికే పని నాది. కొవ్వూరులో పుట్టి, కొవ్వూరులోనే మెట్టి, ఇక్కడి హైస్కూల్లోనే హిందీ చెబుతున్న మనిషిని. డాబా ఎక్కితే గోదారి కనిపిస్తుంది. అలాంటిదాన్ని, రాజస్థాన్‌లో ఏదో ఇసుక ఊళ్ళో మూడు రోజులు ఉండాలనగానే నాకు ముందు గుర్తొచ్చింది ఒంటె కాదు, కోట కాదు, స్నానం.

వారం రోజులు ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. ఇసుక దిబ్బల మీద గుడారాలున్నాయి గానీ, పొద్దున్నే మొహం ఎక్కడ కడుక్కోవాలో ఎవరూ రాయలేదు. ఒక పెద్ద హోటల్‌కి స్విమ్మింగ్ పూల్ ఉంది. దాని ఫొటోలు చూసి మా ఆయన, "మనిద్దరం అక్కడేం చేస్తామే, గట్టు మీద కూర్చుని పల్లీలు తినాలి" అన్నారు. చివరికి ఒక పాత ఇల్లు దొరికింది. కింద ఒక పెద్దావిడ ఒక్కతే ఉంటుంది. మేడ మీద గది వచ్చిపోయేవాళ్ళకి ఇస్తుంది. ఆ ఒక్క గదే ఆవిడకి బతుకుతెరువు. బాగుందని నలుగురైదుగురు రాశారు, బాగోలేదని ఒక్కరూ రాయలేదు.

ఫోన్ చేశాను. మంచం గురించి, రొట్టెల గురించి ఆవిడ చెబుతుంటే మధ్యలో ఆపి, "అవన్నీ సరేనమ్మా, ఇరవై నాలుగ్గంటలూ నీళ్ళుంటాయా?" అన్నాను. ఆవిడ, "పానీ కీ కమీ నహీ హోనే దూంగీ" అంది. నేను ఫోన్ పెట్టేసి, "నీళ్ళకి లోటు లేదటండీ, బుక్ చేసేస్తున్నా" అని మా ఆయనకి చెప్పాను.

ఆవిడ అన్నది అది కాదు. లోటు లేదనలేదు, లోటు రానివ్వను అంది. ఈ రెంటికీ తేడా ఏంటో ఎనిమిదో తరగతి పిల్లలకి బోర్డు మీద రాసి మరీ చెబుతాను. తప్పు రాస్తే మార్కులు కోస్తాను. అంత పంతులమ్మనై ఉండీ నా చెవికి కావలసిందే నేను విన్నాను.

గది అద్దంలా ఉంది. బాత్రూంలో కుళాయి తిప్పితే మాత్రం గాలి వచ్చింది. పక్కన మూతలు పెట్టిన రెండు బకెట్లు. ఇద్దరికీ, రోజంతటికీ అవేనట! నాకు ఒళ్ళు మండిపోయింది. మా పెరట్లో కరివేపాకు మొక్కకి అంతకంటే ఎక్కువ పోస్తాను. ఇంకో బకెట్ కావాలన్నాను, తెచ్చింది. మర్నాడు తలస్నానానికి ఇంకోటి అడిగాను. చీరలకి ఇసుక పట్టింది, జాడించుకోవాలని ఇంకోటి. ఏది అడిగినా "అచ్ఛా బేటీ" అని వెళ్ళేది. ఎంతసేపటికో గానీ తిరిగి వచ్చేది కాదు. ఆ మెట్లు నిటారుగా ఉండేవి. మెట్టు మెట్టుకీ బకెట్ దించి, గోడ పట్టుకుని ఆయాసం తీర్చుకోవడం నేను కళ్ళారా చూశాను. చూసి, మోటారు పెట్టించుకోవచ్చుగా అనుకున్నాను.

"పోనీలేవే, ఒకరోజు స్నానం చెయ్యకపోతే కొంపలేం మునగవు" అన్నారు మా ఆయన.

"మీరు ఊరుకోండి" అన్నాను.

తిరుగు రైల్లో నా వేళ్ళు ఊరుకోలేదు. గోదారి నీళ్ళు తాగినవాళ్ళకి ఎటకారం పుట్టుకతో వస్తుంది, నాకైతే ఒక పాలు ఎక్కువే. "బస దివ్యంగా ఉంది. నీళ్ళు తప్ప అన్నీ ఉన్నాయి. ఎడారి కోసం ఎక్కడికో పోనక్కర్లేదండీ, మేడ మీద బాత్రూం తలుపు తీస్తే చాలు" అని రాసి ఒకే ఒక్క స్టార్ ఇచ్చాను. మనవాళ్ళు జాగ్రత్తపడతారని తెలుగులోనే రాశాను. స్టాఫ్ రూంలో చదివి వినిపిస్తే లెక్కల మాస్టారు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు. ఎవరు బాత్రూం వైపు వెళ్ళినా "ఎడారికేనాండీ?" అని నెలంతా అదే నవ్వులాట. నేను తెగ మురిసిపోయాను.

అలాంటి రోజుల్లో ఆవిడ ఫోన్ చేసింది. తిడుతుందనుకుని జవాబులు సిద్ధం చేసుకున్నాను. ఆవిడ తిట్టలేదు, నాకు దండం పెట్టింది. నేను రాసింది పక్కింటాయన ఫోన్‌లో హిందీలోకి మార్చి చదివాడట. "దివ్యంగా ఉందన్నావు. మా తలుపు తీస్తే ఎడారి కనిపిస్తుందన్నావు. ఒకటో నంబరు కూడా ఇచ్చావట, సంతోషం బేటీ." ఒక స్టార్ అంటే ఏమిటో ఆ పక్కింటాయనకి తెలిసే ఉంటుంది. చెప్పడానికి నోరు రాలేదేమో.

"నీళ్ళ సంగతి మాత్రం నిజమే రాశావు" అంది మళ్ళీ. "ఆ వారం టాంకరు రాలేదు. వెనక వీధిలో మా చెల్లెలి ఇంటినుంచి మోసుకొచ్చాను, వాళ్ళదీ అయిపోయింది. మాటిచ్చి నిలబెట్టుకోలేకపోయాను, సిగ్గుగా ఉంది బేటీ. నువ్వు వెళ్ళాక ఎందుకో ఒక్కరూ రాలేదు. మీవాళ్ళెవరైనా వస్తే మా ఇల్లు చెప్పు."

సిగ్గు ఆవిడకట! ఛీ, నా చదువు తగలెయ్య. సిగ్గుపడాల్సింది నేనమ్మా అనడానికి నాకు హిందీలో రాని మాట ఒక్కటీ లేదు. "అలాగేనమ్మా, చెబుతాను" అని పెట్టేశాను. ఆ రాసింది అప్పుడే తీసేశాను.

దసరా సెలవులకి లెక్కల మాస్టారూ వాళ్ళావిడా అదే ఊరు బయల్దేరారు. "ఎక్కడ దిగమంటారు మేడం?" అని అడిగారు. ప్రాణం లేచొచ్చింది. ఆ పెద్దావిడ ఇంట్లోనే దిగండి, దేవత లాంటి మనిషి, నీళ్ళు మాత్రం చూసి వాడుకోండి అన్నాను. ఆయన పడీ పడీ నవ్వారు. "నిజంగానే చెబుతున్నానండీ, ఒట్టు" అంటే ఇంకా నవ్వారు. "మీరు మామూలోళ్ళు కాదండీ బాబూ! అలాగే, అక్కడే దిగుతాం, సరేనా?" అంటూ నంబరు రాసుకున్నారు. నేను నమ్మాను. ఆవిడకి ఫోన్ చేసి, మావాళ్ళు ఇద్దరు వస్తున్నారని తారీఖుతో సహా చెప్పాను.

ఆ రోజు పొద్దున్న స్టాఫ్ గ్రూపులో ఫొటో వచ్చింది. పెద్ద హోటల్ స్విమ్మింగ్ పూల్‌లో నడుం లోతు నీళ్ళలో మాస్టారు. కింద ఒక ముక్క: "ఎడారిలో దిగలేదండోయ్, మేడం గారు చెప్పినట్టే తప్పించుకున్నాం." అందరూ నవ్వే బొమ్మలు పెట్టారు.

మధ్యాహ్నం ఆవిడ ఫోన్ చేసింది. "టాంకరు ముందే చెప్పి తెప్పించాను బేటీ. నాలుగు బకెట్లు నింపి, మేడ మీదకి చేర్చి, మూతలు పెట్టి ఉంచాను. మీవాళ్ళింకా రాలేదు. దారి తప్పారేమో, ఒకసారి కనుక్కో."