ఆడపెళ్ళివారి మేళం

సత్తిరాజుకి కోపం వస్తే హారన్ కొట్టడు, పాట మారుస్తాడు. సంతోషం వచ్చినా అంతే. ఆ మనిషి మనసులో ఏముందో తెలియాలంటే మొహం చూసి లాభం లేదు, కారులో ఏం మోగుతోందో వినాలి. వారానికి రెండుసార్లు ఆ కారులో కూర్చునేదాన్ని కాబట్టి ఇంత ధైర్యంగా చెబుతున్నాను.

నా పేరు రత్నమాణిక్యం. ధవళేశ్వరం ఇరిగేషన్ ఆఫీసులో టైపిస్టుగా చేసి రిటైరయ్యాను. నోరు పెద్దదని ఆఫీసులో పేరుండేది. ఇప్పుడు కిడ్నీలు చేతులెత్తేశాయిగానీ నోరు మాత్రం నిక్షేపంలా పనిచేస్తోంది. మంగళవారం, శుక్రవారం రాజమండ్రిలో నాకు డయాలసిస్. ఆలమూరు పక్కనున్న మా ఊరి నుంచి సత్తిరాజు తన పాత ఇండికాలో తీసుకెళ్ళి, మళ్ళీ ఇంటి గుమ్మంలో దింపుతాడు. నేను ఒక్కదాన్నే కాదు. మా ఊరి పేటలో ఉండే యెహెజ్కేలు మాస్టారు కూడా వస్తారు. ఆయనకీ ఇదే జబ్బు. తోడుగా ఆయన భార్య సంపూర్ణమ్మ నా పక్కన వెనక సీట్లో కూర్చుంటుంది, ఆయన ముందు సీట్లో.

మాస్టారంటే బడి మాస్టారు కాదు, బ్యాండు మాస్టారు. ఒకప్పుడు మా చుట్టుపక్కల ఊళ్ళలో ఆయన క్లారినెట్ మోగందే పెళ్ళి ఊరేగింపు కదిలేది కాదు. జబ్బు చేశాక ఊదే శక్తి పోయింది. క్లారినెట్ గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేశారు.

కారులో పాటల మీద మొదట్లో పెద్ద రగడే జరిగింది. నాకు వెంకన్న పాటలు కావాలి, ఆయనకి చర్చి పాటలు కావాలి. ఇద్దరం తగ్గే రకం కాదు. సత్తిరాజే తీర్పు చెప్పాడు. మంగళవారం వెళ్ళేటప్పుడు నావి, శుక్రవారం వెళ్ళేటప్పుడు ఆయనవి, తిరిగొచ్చేటప్పుడు ఏ రోజైనా పాత సినిమా పాటలే. సినిమా పాటల దగ్గర ఏ దేవుడికీ అభ్యంతరం లేకపోయింది. ఇవన్నీ ఒకే మెమరీ కార్డులో ఎక్కించుకున్నాడు. దాన్ని చిప్పు అంటాడు. దేవుడి పటం కింద ఆ చిప్పుని పెట్టి దణ్ణం పెట్టుకున్నాకే కారులో దోపాడని వాళ్ళావిడ నవ్వుతూ చెప్పింది.

అతనికి మా మీద ఇంత శ్రద్ధ ఎందుకో నాకు ఆలస్యంగా తెలిసింది. వాళ్ళమ్మ కూడా ఇదే జబ్బుతో పోయింది. అప్పుడతను లారీ మీద క్లీనరు, ఊళ్ళో ఉండేవాడు కాదు. ఆవిడ ఒక్కతే బస్సులు మారి రాజమండ్రి వెళ్ళొచ్చేది. ఓపికున్నన్నాళ్ళు వెళ్ళి, ఒకరోజు మానేసింది. ఎందుకు మానేశావని అడిగేలోపే అయిపోయింది. ఈ ముక్క చెప్పి ఆ రోజు అతను వరసగా మూడు పాటలు మార్చాడు.

పోయిన వేసవిలో ఒక శుక్రవారం, తిరిగొస్తూ ఉండగా మాస్టారు ఉన్నట్టుండి, "ఇక నేను రాను సత్తిరాజూ," అన్నారు.

సత్తిరాజు పాట మార్చాడు.

"ఆ సూదులు, ఆ చలి, ఇంటికెళ్ళి వాలిపోవడం. మళ్ళీ నాలుగు రోజులకి అదే. దేనికంట ఇదంతా? ఊపిరి తీసుకోడానికే తప్ప ఊదడానికి పనికిరాని బతుకు నాది. చాలు."

మిషను మానేస్తే ఒంట్లో విషం పేరుకుంటుంది. ఆ తర్వాత మనిషి ఎక్కువ కాలం ఆగడు. ఈ సంగతి కారులో ఉన్న నలుగురికీ తెలుసు. ఆ మాటే నేనూ ఎన్నోసార్లు అనుకున్నాను. పైకి అనలేదు, అంతే తేడా.

అన్నంత పనీ చేశారు. మంగళవారం కారు పేటలో ఆగితే, సంపూర్ణమ్మ గుమ్మంలోకి వచ్చి వెళ్ళిపొమ్మని చెయ్యి ఊపింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. ఆ రోజు వంతు నాదే అయినా సత్తిరాజు ఏ పాటా పెట్టలేదు, నేనూ అడగలేదు. వేమగిరి దాటాక అన్నాడు:

"అమ్మగారండీ, మాస్టారు వాయించింది ఎక్కడన్నా రికార్డు ఉంటుందాండీ?"

"ఆయనకి సరైన ఫోటోయే లేదు. రికార్డు ఎవరు చేస్తారయ్యా?"

"మా అక్క పెళ్ళికి ఆయనే వాయించారండీ. వీడియో కూడా తీయించాం. మా ఇంట్లో క్యాసెట్టు వరదలో తడిసి పాడైపోయిందిగానీ, జంగారెడ్డిగూడెంలో మా బావగారింట్లో ఇంకోటి ఉందండీ."

ఆ సాయంత్రం నన్ను దింపిన మనిషి ఇంటికి కూడా పోకుండా అట్నించి అటే జంగారెడ్డిగూడెం వెళ్ళాడు. క్యాసెట్టు తెచ్చి, రాజమండ్రిలో ఫోటో స్టూడియో వాళ్ళని బతిమాలి కంప్యూటర్లోకి ఎక్కించాడు. అందులోంచి బ్యాండు మోగిన ముక్క వరకూ తీసే పని మా ఊరి సెల్ షాపు అమ్మాయి సాయిదుర్గ చేసింది. పాత చిప్పు నిండిపోయిందని కొత్తది, పెద్దది ఇచ్చింది. తీరా కారులో పెడితే అది ఉలకదు, పలకదు. సత్తిరాజు టేపు మీద అరచేత్తో కొట్టాడు. చిప్పుని చొక్కాకి తుడిచి మళ్ళీ పెట్టాడు. ఊదాడు. ఉహూ.

"బాబాయ్ గారూ, మీది ముసలి సెట్టండీ. ఇంత పెద్ద చిప్పు దానికి అరగదు," అంది సాయిదుర్గ. చిన్నది ఇచ్చింది. అదీ మోగలేదు. కారు సెట్టుకి తగ్గట్టు చిప్పుని ముందు ఫార్మాట్ చెయ్యాలట. చేసింది. ఈసారి సినిమా పాటలన్నీ మోగాయిగానీ బ్యాండు ముక్క దగ్గరికొచ్చేసరికి దాటేసి పోతోంది. ఆ రికార్డింగు ఆ సెట్టుకి అర్థం కాని రకమట. దాన్ని మార్చి మళ్ళీ ఎక్కించింది. ఆ ముసలి సెట్టుకి ఇంకో గుణం ఉంది. ఏది ముందు ఎక్కిస్తే అదే ముందు వాయిస్తుంది, వెనక ఎక్కించింది ఆఖర్న వస్తుంది. అందుకని అంతా చెరిపించి, బ్యాండుని మొదట ఎక్కించి, తక్కినవి తర్వాత పెట్టించాడు. గురువారం మధ్యాహ్నం మా వీధిలో పెళ్ళి బ్యాండు మోగితే, ఇంత ఎండలో ఎవరి పెళ్ళిరా అని బయటికొచ్చి చూశాను. సత్తిరాజు కారు తలుపులన్నీ తెరిచి పెట్టి, నడి వీధిలో నిలబడి నవ్వుతున్నాడు.

శుక్రవారం పొద్దున్నే నన్ను ఎక్కించుకుని పేటలోకి వెళ్ళాడు. సంపూర్ణమ్మకి ముందే చెప్పి ఉంచాడు. ఆవిడ సంచీ పట్టుకుని వచ్చి నా పక్కన కూర్చుంది.

"మాస్టారండీ, హాస్పిటల్ కి రావద్దండీ. ఒక్కసారి కారులో కూర్చుని ఒక పాట వినండి. తర్వాత మీ ఇష్టమండీ."

మాస్టారు లుంగీతోనే వచ్చి ముందు సీట్లో కూర్చున్నారు. సత్తిరాజు బటన్ నొక్కాడు. బ్యాండు ఎత్తుకుంది. నేను వెనకనుంచి ఆయన మెడ వంకే చూస్తున్నాను.  కాసేపటికి చెవులు ఎర్రబడ్డాయి.

"ఎవడ్రా ఇది?"

"మీరేనండీ! మా అక్క పెళ్ళి."

"నేనా? నేను ఇలా వాయిస్తానా? ఇది మీ బావ తరఫోళ్ళు తెచ్చుకున్న జంగారెడ్డిగూడెం మేళం!"

మా వైపు పెళ్ళిళ్ళలో ఆడపెళ్ళివారి మేళం ఆడపెళ్ళివారిదే, మగపెళ్ళివారి మేళం మగపెళ్ళివారిదే. ఎదురుకోలు దగ్గర రెండు మేళాలూ ఎదురుపడి, పెళ్ళి సంగతి మర్చిపోయి ఒకళ్ళనొకళ్ళు ఓడించుకునేదాకా వాయిస్తారు. వీడియోలూ అంతే, ఎవరి మనిషిని వాళ్ళు పెట్టుకుంటారు. మగపెళ్ళివారి వీడియో మనిషి మగపెళ్ళివారి మేళాన్ని కాక ఇంకెవర్ని తీస్తాడు? ఇంత చిన్న విషయం సత్తిరాజుకీ తట్టలేదు, అంతా తెలుసనుకునే నాకూ తట్టలేదు.

"విను! చరణంలోకి ఎలా పడ్డాడో విను! మెట్ల మీంచి బిందె దొర్లినట్టు లేదూ? చచ్చినా నేనిలా వాయించను. నన్ను తీసుకెళ్ళి వీడి పక్కన కడతావా? ఆ రోజు ఎదురుకోల్లో వీడికి ఊపిరందక చెట్టు కింద కూలబడితే, సోడా తాగించింది నేను!"

సత్తిరాజు "అవునాండీ", "అయ్యో అలాగాండీ" అంటూ మెల్లిగా గేరు వేసి కారు కదిలించాడు. మాస్టారు తిడుతూనే ఉన్నారు. జొన్నాడ వచ్చింది, వెళ్ళింది. కడియపులంక నర్సరీలు వచ్చాయి, వెళ్ళాయి. వేమగిరి దగ్గర ఊపిరి పీల్చుకోడానికి ఆగి, బయటికి చూసి, "ఎక్కడికి తీసుకొచ్చావు నన్ను?" అన్నారు.

"సగం పైగా వచ్చేశామండీ. ఇప్పుడు వెనక్కెందుకండీ?"

సంపూర్ణమ్మ సంచీలోంచి చొక్కా తీసి ముందుకి అందించింది. నవ్వు ఆపుకోలేక నేను కిటికీ వైపు తిరిగాను.

ఆ రోజు మిషను మీద పడుకుని కూడా ఆయన ఒకటే పోరు. ఆడపెళ్ళివారి వీడియో కాపీ ఎవరి దగ్గరో ఉండే ఉంటుంది, వెతికి తేవాలి, ఈ దరిద్రాన్ని చిప్పులోంచి చెరిపెయ్యాలి. మంగళవారం హారన్ మోగేసరికి మాస్టారు చొక్కా వేసుకుని రోడ్డు మీద ఉన్నారు. కారు ఎక్కుతూనే, "దొరికిందా?" అన్నారు. ఆ తర్వాత అదే పలకరింపైపోయింది. లేదండీ, మా చిన్నాన్నని అడిగానండీ, మా మేనత్త దగ్గర ఉందేమోనండీ అని సత్తిరాజు చెప్పేవాడు. నిజంగానే వెతికేవాడు.

దసరా ముందు దొరికింది. వాళ్ళ మేనత్త పెద్దింట్లమ్మది పోలవరం దగ్గర ఊరు. ప్రాజెక్టు ముంపులో ఊరు ఖాళీ చేసి కాలనీకి మారినప్పటి నుంచీ విప్పని ట్రంకుపెట్టెలో, పట్టుచీరల మధ్య ఉంది క్యాసెట్టు. ఈ సంగతి సత్తిరాజు హాస్పిటల్ వరండాలో, మాస్టారు లోపలుండగా నా ఒక్కదానికే చెప్పాడు.

"చిప్పులో ఎక్కించేశానండీ. సినిమా పాటలన్నీ అయ్యాక ఆఖర్న వస్తుందండీ."

"మరి వినిపించవేం?"

నేల చూపులు చూశాడు. "వినేస్తే ఇక రారేమోనండీ."

నాకు ఒళ్ళు మండింది. "ఆయన ఊపిరిని ఆయనకే ఇవ్వకుండా దాస్తావా? పాపం కాదూ?"

"పాపమేనండీ. మా అమ్మ మానేసిన రోజున ఆశ పెట్టడానికి నా దగ్గర ఏదీ లేకపోయిందండీ. ఇప్పుడు ఇదొకటి ఉందండీ."

మాస్టారి దగ్గర నేనూ నోరు మూసుకున్నాను. నా జీవితంలో అంత కష్టమైన పని ఇంకోటి చెయ్యలేదు. వచ్చేటప్పుడు ఆఖరి సినిమా పాట ముగింపుకొచ్చేసరికి సత్తిరాజు చెయ్యి స్టీరింగు మీంచి లేచేది. బటన్ నొక్కి మళ్ళీ మొదటి సినిమా పాటకి తిప్పేసేవాడు.  మాస్టారు కళ్ళు మూసుకుని ఉండేవారు. మళ్ళీ కారు ఎక్కే రోజున అదే ప్రశ్న, "దొరికిందా?"

కార్తీక మాసంలో ఒక మంగళవారం తిరిగొస్తున్నాం. ధవళేశ్వరం దాటాం, పక్కనే కాలవ. ఆఖరి పాట అయిపోవచ్చింది. సత్తిరాజు చెయ్యి లేచింది. మాస్టారి చెయ్యి వచ్చి దాని మీద పడింది.

"ఉండనీ," అన్నారు.

ముందు పిల్లల కేకలు వినిపించాయి. ఎవరో "జరగండి, జరగండి" అంటున్నారు. అప్పుడు క్లారినెట్ లేచింది. నాకు సంగీతం తెలియదు. కానీ అందులో తొందర లేదు, భయం లేదు, ఎక్కడా ఊపిరి తెగలేదు. ఇంత గొప్పగా ఊదిన మనిషి వారానికి రెండుసార్లు నా ముందు సీట్లో కూర్చుంటున్నాడని తెలియనే లేదు కదా అని ఏడుపొచ్చింది. సంపూర్ణమ్మ నా చెయ్యి పట్టుకుని, "ఆయనేనమ్మా," అంది. సూదులు గుచ్చి గుచ్చి ఉబ్బిపోయిన చెయ్యి మోకాలి మీద పెట్టుకుని, మాస్టారు వేళ్ళు కదుపుతున్నారు.

పాట అయింది. సత్తిరాజు కారు వేగం తగ్గించాడు. "తప్పయిపోయిందండీ. దసరా ముందే దొరికిందండీ."

"తెలుసు."

"తెలుసాండీ?"

"మేళంలో పక్కోడి చెయ్యి ఎప్పుడు లేస్తుందో చూసి పాట ఎత్తుకున్నోణ్ణి, జీవితమంతా. కళ్ళు మూసుకున్నంత మాత్రాన, పాట ఆఖరికొచ్చేసరికి నీ చెయ్యి లేస్తుంటే కనిపెట్టలేనా? మొదటి వారమే కనిపెట్టాను."

నేనిక ఆగలేకపోయాను. "తెలిసీ ప్రతిసారీ దొరికిందా అని అడిగారా?"

"అడక్కపోతే అతనికి అనుమానం రాదా అమ్మా?"

"మరి ఇన్నాళ్ళూ ఎందుకొచ్చారండీ?" అన్నాడు సత్తిరాజు.

మాస్టారు అతని వైపు తిరిగారు. "పాట కోసమే అయితే అప్పుడే వినేసి ఇంట్లో పడుకుందును. నేనెక్కడ మానేస్తానో అని ఆ బటన్ మీద ప్రాణం పెట్టుకుని ఒక మనిషి నా పక్కన కూర్చుంటే, ఎలా మానేస్తానురా? ఇక నొక్కకు. విన్నా వస్తాను."

సత్తిరాజు కారు కాలవ గట్టున ఆపేశాడు. రోడ్డు కనిపించడం లేదండీ అని వైపర్ వేశాడు. పొద్దుటి నుంచీ చుక్క వాన లేదు.